కాకిలోయలో లిదోనె పళ్ళు

సార్డీనియా దీవి కొండల్లోని ఒరుణేలె ఊళ్ళో బదోరాకు గొర్రెలు లేవు, పొలం లేదు, మొగుడు లేడు. ఉన్నవల్లా ఒక ముసలి గాడిద, రెండు బుట్టలు, ఊరి వెనక కొండ. కొండ ఆమె సొత్తు కాదు గానీ, ఏ నెలలో ఏ పొద దగ్గరికి వెళ్ళాలో ఆమె కాళ్ళకే తెలుసు. వేసవి చివర నాగజెముడు పళ్ళు, అడవి బాదం. వానలు మొదలయ్యాక అడవి బేరి, చెస్ట్‌నట్లు. చలి ముదురుతుంటే లిదోనె పళ్ళు, వాటి వెనకే ఓక్ గింజలు, అన్నిటికన్నా చివర నల్లటి మిర్తు పళ్ళు. లిదోనె చెట్టు తీరే వేరు. నిరుటి పూత ఎర్రటి గరుకు పండై వేలాడుతుండగానే పక్క కొమ్మన కొత్త పూత విచ్చుకుంటుంది. "దీనికి పసితనం, ముసలితనం ఒక్కసారే వస్తాయి, నాలాగే" అని నవ్వేది బదోరా.

కోసుకొచ్చిన వాటిలో కొన్ని రోడ్డు పక్క సత్రంవాడికి, కొన్ని సారా కాచేవాళ్ళకు ఇచ్చి, మిగిలినవి ఇంట్లో ఎండబెట్టుకునేది. యాభై దాటినా నడుం వంగలేదు. చిన్నప్పటి నుంచి పెంకులు ఒలిచి ఒలిచి కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం నిలువునా చీలిపోయింది. కరువు రోజుల్లో వాళ్ళమ్మ ఓక్ గింజల పిండిని బంకమట్టి తేట పోసి ఉడికించి నల్లటి రొట్టె చేసి పెట్టేది. "ఆ రొట్టె తిని పెరిగినదాన్ని, నాకు ఏ చేదూ ఆనదు" అనేది ఎవరైనా జాలిపడితే.

ఇరవయ్యో ఏట ఆమెకు బుస్తియాను అనే గొర్రెలకాపరితో పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందే అతను దొడ్డి దగ్గర తుపాకి దెబ్బకు పడిపోయాడు. కాల్చినదెవరో ఊరందరికీ తెలుసు. పోలీసులు అడిగితే మాత్రం ఆ సాయంత్రం ఊరు ఊరంతా నిద్రపోయిందట. బదోరా కూడా నల్లబట్టలు కట్టుకుని నోరు మూసుకుంది. ఒరుణేలెలో నోరు మూసుకోవడాన్ని ఎవరూ పిరికితనం అనరు, మర్యాద అంటారు. ఆ మర్యాదతోనే ముప్ఫై ఏళ్ళు గడిపేసింది.

ఆమెకు తోడంటూ ఉన్నది చిన్ననాటి నేస్తం గ్రాస్సియా. గ్రాస్సియా కొడుకు ప్రేదుకు జ్ఞానస్నానం రోజున తొట్టి దగ్గర ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతల్లి బదోరాయే. పళ్ళు మొలవకముందే వాడి నోట్లో లిదోనె గుజ్జు పెట్టిందని గ్రాస్సియా ఇప్పటికీ దెప్పిపొడుస్తుండేది. ప్రేదుకు ఇప్పుడు ముప్ఫై దాటాయి. మెత్తని మనిషి. ఈనిన గొర్రె చచ్చిపోతే చాటుగా కళ్ళు తుడుచుకునే రకం. లరెంతు అనే పెద్ద మందల ఆసామి దగ్గర కాపరిగా ఉండేవాడు.

ఆ ఏడు శరదృతువు మొదట్లో తీరప్రాంత పట్నంలో పిండిమర యజమాని కొడుకును, దారియో అనే కుర్రవాణ్ణి, కారులోంచి లాగి ఎత్తుకుపోయారు. అలాంటివి సార్డీనియా కొండల్లో కొత్త కాదు. నాలుగు రోజులు హెలికాప్టరు తిరిగింది. ఆ మోతకు గొర్రెలు చెదిరిపోయాయని కాపరులు తిట్టుకున్నారు. ఎత్తుకుపోయిన మనిషి గురించి ఎవరూ ఏమీ అనలేదు.

లిదోనె విరగకాసిన ఏడది. అక్టోబరు చివర ఒక పొద్దున బదోరా కాకిలోయకు వెళ్ళింది. ఆ లోయలోకి మంద దిగదు, బాట నిలవదు. అందుకే అక్కడి పళ్ళు ఆమెకే మిగిలేవి. లోయ అడుగున రాతిగోడ పక్కన మస్తకి అనే అడవి పొద ఒకటి కనిపించింది. నిరుడు అక్కడ పొద లేదు. దగ్గరకు వెళ్ళి చూసింది. వేరుమీద ఉన్న మస్తకి ఆకు నూనె రాసినట్టు మెరవాలి, ఇది వాడి అంచులు ముడుచుకుంది. కొమ్మలు నరికి తెచ్చి ఆనించారు. వాటి వెనక రాయిలో చీకటి.

అప్పుడే కాఫీ వాసన తగిలింది. మనిషి మసలని లోయలో కాఫీ వాసన. తరవాత దగ్గు. పాతగుడ్డ చింపుతున్నట్టు, ఆగి ఆగి, లోపలినుంచి.

బదోరా కదలకుండా నిలబడింది. పైన ఎక్కడో ఒక గులకరాయి దొర్లింది. తలెత్తి చూడకూడదని ఆమెకు తెలుసు. వంగి పళ్ళు కోయడం మొదలుపెట్టింది. గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది, ఏమీ చూడని మనిషి పాడుకునే పాట. గాడిదను తోలుకుంటూ లోయ ఎక్కేదాకా ఆ పాట ఆపలేదు. పైకి వచ్చాక చూసుకుంటే బుట్టలో సగం పచ్చికాయలే ఉన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం ప్రేదు ఆమె గడపలో నిలబడ్డాడు. చేతిలో పెద్ద జున్నుగడ్డ.

"లరెంతు పెద్దాయన పంపించాడు పిన్నమ్మా."

"నాకెందుకురా? నేనేమన్నా ఆయన గొర్రెలకి పురుడు పోశానా?"

"ఊరికేనే. నువ్వంటే గౌరవం."

"ఇన్నేళ్ళూ లేని గౌరవం ఇవాళ జున్నుగడ్డై నడిచొచ్చిందా?"

ప్రేదు నవ్వలేదు. "ఈ ఏడు కాకిలోయ వైపు పోకు. అడవిపందులు తిరుగుతున్నాయి. ఏటి ఒడ్డున ఉన్నాయిగా పళ్ళు, అక్కడ కోసుకో."

"కాఫీ తాగే అడవిపందులా?"

వాడు ఒకసారి వీధి వైపు చూశాడు. గడప లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "ఆ మాట ఇంకెక్కడా అనకు పిన్నమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా."

వాడు వెళ్ళిపోయాక జున్నుగడ్డ బల్లమీద ఒంటరిగా మిగిలింది. తినబుద్ధి కాలేదు. పారేస్తే పంపినవాడి చెవిన పడుతుంది. గుడ్డలో చుట్టి అటకమీద పెట్టింది. చలికాలమంతా దాని వాసన ఇంట్లో తిరుగుతూనే ఉంది.

ఆ తరవాత పోలీసులు ఊళ్ళోకి వచ్చారు. వాళ్ళ అధికారి సముద్రం అవతలి ప్రధాన భూభాగం మనిషి, ఓపిక ఉన్నవాడు. ఆడవాళ్ళందరూ ఉమ్మడి పొయ్యి దగ్గర పలచటి రొట్టెలు కాలుస్తుంటే వచ్చి టోపీ తీశాడు.

"అమ్మా, కొండమీద కొత్తమనుషులు ఎవరైనా కనపడ్డారా?"

"మా ఆయన మొహం చూడ్డానికే తీరిక లేదు బాబూ, కొత్తమనుషులు కూడానా" అంది ఒకావిడ. అందరూ నవ్వారు.

అతను బదోరా వైపు తిరిగాడు. "మీరు రోజూ కొండకి వెళ్తారట."

"వెళ్తాను."

"ఏం చూశారు?"

"పళ్ళు."

"ఇంకా?"

"ఇంకా పళ్ళే. కొన్ని పండాయి, కొన్ని పండలేదు. రాసుకోండి."

మళ్ళీ నవ్వులు. అతను నవ్వులు ఆగేదాకా ఉండి ఒక ఫోటో తీసి ఆమె ముందు పెట్టాడు. ఏదో పెళ్ళిలో తీసింది. కళ్ళద్దాలు పెట్టుకున్న బక్కపలచటి కుర్రవాడు, నోటినిండా మిఠాయి కుక్కుకుని నవ్వుతున్నాడు. బదోరా ఆ ఫోటో వైపు చూస్తూ ఉండిపోయింది. పొయ్యిలో ఆమె రొట్టె మాడి నల్లగా అయిపోయింది. పక్కావిడ మోచేత్తో పొడిచి, "నీ రొట్టె సంగతి చూసుకోవే" అంది. ఆ పొడుపు రొట్టె గురించి కాదు.

నవంబరు వానలు పట్టుకున్నాయి. బదోరా ఏటి ఒడ్డునే కోసుకుంటోంది. అక్కడి పళ్ళకు రుచి లేదని ఆమె అనుకుంది, నిజానికి ఆమె నాలుకకే ఏ రుచీ తెలియడం లేదు. ఒక మబ్బు సాయంత్రం ప్రేదు తడిసి ముద్దై వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

"పిన్నమ్మా, దగ్గుకి ఏమన్నా ఉందా? మేకకి."

"లరెంతువి అన్నీ గొర్రెలేగా. మేక ఎప్పుడొచ్చింది?"

"ఒకటి ఉందిలే."

"ఎన్నాళ్ళై దగ్గుతోంది?"

"చాలా రోజులైంది. ఇప్పుడు ఎక్కువైంది."

"నెత్తురు పడుతోందా?"

ప్రేదు నిప్పులవైపు చూశాడు. "ఇంకా లేదు."

బదోరా లేచి గూట్లోంచి చిన్న జాడీ తీసింది. లిదోనె పూల తేనె. అది తియ్యగా ఉండదు, నాలుక వెనక చేదు నిలిచిపోతుంది. గుండెల్లో పట్టిన చలికి ఆ కొండల్లో అందరూ వాడేది అదే.

"వేడిపాలల్లో కలిపి పట్టాలి. మీ మేకకి పాలు కాచి పట్టేవాళ్ళున్నారా?"

"నేనే పడతా."

"ఎప్పుడు వదులుతారు దాన్ని?"

"దాని ఇంటివాళ్ళు బేరానికి రావట్లేదు." వాడు జాడీని రెండు చేతుల్లో తిప్పుతూ ఉన్నాడు. "క్రిస్మస్ దాటితే ఇంక మేపడం దండగ అంటున్నాడు పెద్దాయన."

పొయ్యిలో కర్ర చిటపటలాడింది. వాడు వెళ్ళేటప్పుడు బదోరా వాడి తల తుడిచి, "ఒరేయ్, నువ్వు ఇందులోకి ఎలా దిగావురా" అంది. "పెద్దాయన రమ్మంటే రానని అనొచ్చా పిన్నమ్మా?" అన్నాడు వాడు, ఆ అవకాశం ఉంటుందని ఎన్నడూ విననట్టు.

డిసెంబరులో లరెంతు ఇంట్లో పందిని కోశారు. ఆ రోజు ఊళ్ళో మగవాళ్ళంతా అక్కడే ఉంటారు. నెత్తురు పట్టడం, పేగులు కడగడం, తాగడం, పొద్దుగూకేదాకా సందడే. బదోరా వాకిట్లోంచి చూసింది. లరెంతు కనపడ్డాడు. అతని వెంట ఎప్పుడూ తిరిగే ఇద్దరు మనుషులూ కనపడ్డారు. ప్రేదు లేడు. అంటే లోయలో కాపలా వాడొక్కడే. ఆమె పొద్దున కోసిన మిర్తు పళ్ళను ఇంట్లో కుమ్మరించి, బుట్టలో కాసిని పాలు, తేనె, ముందు రోజు కోసిన లిదోనె పళ్ళు పెట్టుకుని తిన్నగా కాకిలోయకు నడిచింది. ఈసారి పాట పాడలేదు.

ప్రేదు తుపాకి ఎత్తి రాళ్ళ చాటునుంచి లేచాడు. ఆమెను చూసి దించాడు, మళ్ళీ ఎత్తాడు. "వెనక్కి పో" అన్నాడు గుసగుసగా.

"నిన్ను తొట్టి మీద పట్టుకున్న చేతులివి. కాల్చుకో." ఆమె కూడా గుసగుసగానే అంది.

మస్తకి కొమ్మలు జరిపి వంగి లోపలికి వెళ్ళింది. గుహ నోటి దగ్గర ఒక లిదోనె మొక్క ఉంది. దాని కొమ్మల్లో ఒక పక్క ఆకు కూడా మిగల్లేదు, పచ్చికాయలతో సహా దూసేశారు. ఆ పైన, ఒక్క చెయ్యెడు దూరంలో, పళ్ళు గుత్తులు గుత్తులుగా ఎర్రగా వేలాడుతున్నాయి. గొలుసు ఎంతవరకు సాగిందో ఆ కొమ్మలే చెబుతున్నాయి.

లోపల కుర్రవాడు గోడకు ఆనుకుని ఉన్నాడు. కళ్ళకు గంత, మాసిన గడ్డం, కాలికి గొలుసు. చుట్టూ పచ్చి ఓక్ గింజల పెంకులు. చేదుకు ఓర్చి అవి కూడా నమిలాడు. ఆమె అతని పక్కన మోకాళ్ళమీద కూర్చుని పాలల్లో తేనె కలిపి పెదాలకు అందించింది. తరవాత మెత్తటి పళ్ళు ఏరి ఒక్కొక్కటే నోట్లో పెట్టింది.

అతను నమలడం ఆపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చీలిన గోరుమీద అతని వేళ్ళు ఆగాయి. "ఎవరు? ఇది ఆడమనిషి చెయ్యి."

బదోరా పలకలేదు. గొంతు విన్నాడంటే గుర్తుపెట్టుకుంటాడు. గుర్తుపట్టగల బందీని వీళ్ళు ప్రాణాలతో వదలరు.

"అమ్మా, నన్ను చంపేస్తారా?"

ఆమె అతని నుదుటిమీద అరచెయ్యి పెట్టింది. కాలిపోతోంది. ఒంటిమీద ఉన్ని శాలువా తీసి అతనికి చుట్టబోతే వెనకనుంచి ప్రేదు లాక్కున్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఆ శాలువా ఊరందరూ ఎరుగుదురు. ఆమె దాన్ని తిరిగి తనే కప్పుకోవలసి వచ్చింది. తన జీవితంలో అంత బరువైన బట్ట మోయలేదని చాలాకాలం తరవాత అంది.

బయటికి వచ్చాక, "వదిలేయరా వాణ్ణి" అంది.

"వదిలేస్తే నన్ను వదలరు పిన్నమ్మా."

"అయితే బతికించు. కనీసం బతికించు."

ప్రేదు బతికించాడు. ఎలాగంటే, పెద్దాయన లేనప్పుడు పాలు కాచాడు, తన దుప్పటి కప్పాడు. క్రిస్మస్ దాటింది. దండగ అన్న మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఫిబ్రవరిలో తండ్రి అడిగినంతా చెల్లించాడని, కుర్రవాణ్ణి రోడ్డు పక్కన వదిలిపెట్టారని కబురు తెలిసింది. బదోరా ఆ రోజు చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. ఎవరికోసమని పూజారి అడిగితే, "గాడిదకి ఒంట్లో బాగాలేదు" అంది.

అంతటితో అయిపోయిందనుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కాఫీ దుకాణంలో టీవీ ముందు మగవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. బదోరా సత్రంవాడికోసం వచ్చి గుమ్మంలో నిలబడింది. తెరమీద దారియో కనపడ్డాడు, కొత్త కళ్ళద్దాలు, లోతుకు పోయిన బుగ్గలు. ఎవరో ఏదో అడిగితే అతను తల వంచుకుని చెప్పాడు:

"అందరూ రాక్షసులు కారండీ. ఒకరోజు ఒక ఆడమనిషి వచ్చింది. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎర్రపళ్ళు తినిపించింది, చేదు తేనె పట్టించింది. ఆమె చేతులు మిర్తు వాసన వేశాయి. నేనివాళ ఇలా కూర్చున్నానంటే ఆమెవల్లే. ఆమె ఎక్కడున్నా దేవుడు చల్లగా చూడాలి."

దుకాణంలో ఒక్కరు కూడా వెనక్కి తిరిగి ఆమెను చూడలేదు. అంతమందిలో ఒక్కరు కూడా చూడకపోవడంతోనే ఆమెకు అర్థమైంది, అందరికీ తెలిసిపోయిందని. మూల బల్ల దగ్గర లరెంతు పేకముక్కలు సర్దుకుంటున్నాడు. తీరిగ్గా ఒక ముక్క వేసి, ఇంకో కాఫీ చెప్పాడు. అతని పక్కన నిలబడ్డ ప్రేదు నేలవైపు చూస్తున్నాడు.

కృతజ్ఞతతో అన్న మాట. అంతకంటే పెద్ద కీడు పగవాడు కూడా చెయ్యలేడు.

కొద్ది రోజుల్లో ఆ పోలీసు అధికారి ఊళ్ళో కొందరు ఆడవాళ్ళను స్టేషనుకు పిలిపించాడు. బదోరా చేతులు బూడిదతో తోమి తోమి కడుక్కుంది. వాసన పోయింది, గోరు పోదు. దారియోను కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళకు గంత కట్టారు. ఒక్కొక్కరే వెళ్ళి అతని చేతిలో చెయ్యి పెట్టాలి.

"కాదు" అన్నాడు మొదటావిడకు. "కాదు" అన్నాడు రెండో ఆవిడకు.

బదోరా చెయ్యి పెట్టింది. అతని బొటనవేలు మెల్లగా పాకి ఆ చీలిక దగ్గర ఆగింది. అతను ఆ చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేశాడు.

"కాదు" అన్నాడు.

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సరిగ్గా చూసుకోండి." "కాదండీ. ఆ చేతులు చాలా మెత్తనివి" అన్నాడు దారియో. టీవీలో తను ఏం చేశాడో అతనికి ఆ క్షణాన తెలిసినట్టుంది. తెలిసి లాభం లేదు.

ఈస్టరుకు ముందు ఒక పగటివేళ లరెంతు బదోరా ఇంటికి వచ్చాడు. టోపీ మోకాలిమీద పెట్టుకుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. ఆమె ఎండు అంజూరాలు పెడితే ఒకటి తీసుకుని నెమ్మదిగా నమిలాడు.

"ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటావు చెల్లెమ్మా."

"ఒంటి ప్రాణం. మురికి చేసేవాళ్ళు లేరు అన్నా."

"పోలీసుల దగ్గర పెద్దమనిషి తరహాగా ఉన్నావట. విన్నాను. నీ గురించి నాకు ఎప్పుడూ బెంగ లేదు." ఇంకో అంజూరం తీసుకున్నాడు. "ప్రేదు గురించే. మెత్తని మనిషి. అడ్డదిడ్డంగా ఎవరినిబడితే వాళ్ళని లోపలికి రానిచ్చే మనిషి."

"వాడు పసివాడన్నా. నేను తోసుకుని వెళ్ళాను. వాడు వద్దనే అన్నాడు. తప్పు నాది, ఏం చేసినా నన్ను చెయ్యి."

"ఎక్కడికి తోసుకుని వెళ్ళావు?" లరెంతు కళ్ళు పెద్దవి చేసి నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "నేను అంజూరాలు తిందామని వచ్చాను, అంతే. బాగున్నాయి." లేచి టోపీ పెట్టుకుని, గడప దగ్గర ఆగి, అటక వైపు తలెత్తాడు. "ఆ జున్ను పాడైపోయింది చెల్లెమ్మా. వాసన వస్తోంది."

ఆమె ఆ వెంటనే గ్రాస్సియా ఇంటికి పరిగెత్తింది. ప్రేదును ఓడ ఎక్కించి ఎక్కడికైనా పంపేయమని చెప్పింది. "ఎందుకు పంపాలి? ఏం చేశాడని?" అంది గ్రాస్సియా. బదోరా చెప్పబోయింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు అడ్డం పడింది. "ఊరికే, నా మాట వినవే" అని మాత్రం అనగలిగింది.

ఈస్టరు తరవాత మందను పై కొండకు తోలుకెళ్ళిన ప్రేదు తిరిగి రాలేదు. కుక్క ఒక్కటే వచ్చింది. పక్క ఊరి కాపరులు వాడి శవాన్ని ఒక ఎండిన గోతిలో చూశారు. కాలు జారి పడ్డాడని అందరూ అన్నారు. వెన్నులో ఉన్న గాయం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

శవపేటికను చర్చినుంచి శ్మశానానికి తీసుకెళ్తున్నారు. ముందు కొమ్ము పట్టింది లరెంతు. తన కాపరి కదా, భుజం ఇచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనక గ్రాస్సియా, ఆమెను పట్టుకుని బదోరా. వీధి మలుపు తిరిగాక, నల్లకోటు కింద లరెంతు భుజం పైకీ కిందికీ కదలడం చూస్తూ చూస్తూ బదోరా గ్రాస్సియా చెయ్యి వదిలేసింది. గబగబా ముందుకు వెళ్ళి దారికి అడ్డంగా నిలబడింది.

"దించు" అంది.

జనం పాడుతున్న ప్రార్థన పాట ఆగిపోయింది. లరెంతు దయగా చూశాడు. "దుఃఖంలో ఉన్నావు చెల్లెమ్మా, పక్కకి రా."

"నీ భుజం తియ్యి. చంపినవాడి భుజంమీద నా బిడ్డ ఎక్కడు." ఆమె గొంతు పెద్దదేమీ కాదు, కానీ ఆ వీధిలో అలాంటి మాట పైకి విన్నవాళ్ళు లేరు. "కాకిలోయలో ఆ కుర్రాణ్ణి గొలుసేసి కట్టింది నువ్వు. నోరు మూసుకున్నది నేను. తెలిసి ఊరుకున్నది మీరందరూ. దించు."

ఎవరో పూజారి చెయ్యి పట్టుకున్నారు. ఎవరో పిల్లల్ని ఇళ్ళల్లోకి లాగారు. లరెంతు నెమ్మదిగా కొమ్ము వెనకవాడికి అందించి, టోపీ పెట్టుకుని జనంలోంచి వెళ్ళిపోయాడు. శ్మశానంలో మట్టి వేశాక బదోరా ఇంటికి వెళ్ళలేదు. పట్టపగలు, అన్ని కిటికీల ముందు నుంచి నడిచి పోలీసు స్టేషనుకు వెళ్ళింది. బుస్తియానుతో మొదలుపెట్టి తనకు తెలిసినదంతా చెప్పింది.

గొలుసు ఇంకా గుహలోనే ఉంది. దారియో వచ్చి కోర్టులో ఆ చెయ్యి ఎవరిదో చెప్పాడు. ఎత్తుకుపోయినందుకు లరెంతుకు జైలు పడింది. ప్రేదును చంపినదెవరో తేల్లేదు. లరెంతు వెంట తిరిగే ఆ ఇద్దరి మీదా సాక్ష్యం దొరకలేదు. వాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, పలకరిస్తే నవ్వేవారు.

ఆ వేసవిలో బదోరా గాడిద ఆమె వాకిట్లోనే గొంతు తెగి పడింది. కాకిలోయ లిదోనె చెట్లను ఎవరో మొదళ్ళకంటా నరికేశారు. సత్రంవాడు ఆమె పళ్ళు కొనడం మానేశాడు. "నాకేం లేదు అత్తా, పిల్లలు గలవాణ్ణి" అని కళ్ళు దించుకున్నాడు. ఉమ్మడి పొయ్యి దగ్గర ఆమె వంతు వచ్చేసరికి నిప్పు ఆరిపోయి ఉండేది. వీటన్నిటికీ ఆమె సిద్ధంగానే ఉంది. గ్రాస్సియా మాటకు మాత్రం సిద్ధంగా లేదు.

"నా కొడుకు మంచివాడిగా చచ్చాడే" అంది గ్రాస్సియా తలుపు సందులోంచి. "నువ్వు నోరు తెరిచి వాణ్ణి దొంగని చేసి పాతిపెట్టావు." ఆ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. గ్రాస్సియా పోయినప్పుడు కూడా బదోరా వీధి చివరనుంచే చూసింది.

దారియో రెండు మూడుసార్లు మనిషిని పంపాడు, పట్నం వచ్చేయమని, ఇల్లు ఇప్పిస్తానని. ఆమె వెళ్ళలేదు. "అక్కడ ఏం కోసుకు తినను?" అందట. బుట్ట వీపుకు కట్టుకుని ఏటి ఒడ్డుకు, బేరి చెట్ల వైపుకు, దూరమైనా సరే నడిచే వెళ్ళేది. దొరికినవి పక్క ఊరి సంతలో అమ్ముకునేది. ఎన్నోసార్లు వెనక ఎవరో నడుస్తున్నట్టు ఆకులు చప్పుడయ్యేవి. ఆగితే ఆగేవి. మొదట్లో తిరిగి చూసేది, తరవాత మానేసింది.

జైలునుంచి లరెంతు తిరిగొచ్చేసరికి ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. అతను వచ్చిన మర్నాటి పొద్దున్నే కొండకు పోయే సందు మొదట్లో, రాతి అరుగుమీద, రెండు చేతులూ కర్రమీద పెట్టుకుని కూర్చున్నాడు. వీధిలో కిటికీల వెనక జనం ఉన్నారని బదోరాకు తెలుసు. తలుపు తాళం వేసుకుని, బుట్ట సర్దుకుని, అదే సందులోకి నడిచింది. ఆమె దగ్గరికి రాగానే లరెంతు టోపీ తీసి, వయసులో పెద్దామెకు చేసినట్టు తల వంచాడు.

బదోరా అతని ముందు నుంచి వెళ్ళిపోయింది. నడక పెంచలేదు. సాయంత్రం బుట్టనిండా అడవి బేరి పళ్ళతో దిగి వచ్చింది. అతను ఇంకా అక్కడే ఉన్నాడు. మర్నాడు కూడా అక్కడే ఉన్నాడు. ఆ తరవాత ఆమె బతికినన్నాళ్ళూ ఆ అరుగు ఖాళీగా ఉన్న పొద్దున లేదు, ఆమె కొండకు వెళ్ళని పొద్దునా లేదు.